ఎండిపోయిన మార్కర్‌తో మళ్ళీ రాయించడం: ఏ ద్రవం, ఎంత, ఎలా

మార్కర్ రాయడం మానేస్తే ఎవరైనా మొదట చేసే పని దాన్ని పట్టుకుని విదిలించడం. అప్పటికీ రాయకపోతే మొన మీద నోటి ఆవిరి పట్టించడమో, నాలుక్కి తాకించడమో చేస్తారు. ఆఖరికి గ్లాసులో నీళ్ళు పోసి ముంచుతారు. మొదటిదానితో చొక్కా పాడవుతుంది. రెండోది ఒంటికి మంచిది కాదు. మూడోదానితో, నీటి సిరా రకం కాకపోతే, బతకాల్సిన మార్కర్ కాస్తా నిజంగానే చస్తుంది.

ఎండిన మార్కర్లలో చాలావాటికి సిరా ఇంకా మిగిలే ఉంటుంది. సిరాలో రంగు ఒక భాగం, రంగును పట్టి ఉంచే జిగురు ఒక భాగం, ఈ రెంటినీ కరిగించి మొనదాకా మోసుకొచ్చే ద్రవం ఒక భాగం. గాలికి ఎగిరిపోయేది ఈ ద్రవమే. రంగూ జిగురూ మొనలోనే గడ్డకట్టి దారి మూసేస్తాయి. కాబట్టి చేయాల్సింది ఎగిరిపోయిన ద్రవాన్నే, అదే రకాన్నే, కొద్దికొద్దిగా తిరిగి ఇవ్వడం. ఏ ద్రవమో తప్పుగా పోల్చుకోవడం, ఒకేసారి ఎక్కువ పోసేయడం - ఈ పని చెడేది ఎక్కువగా ఈ రెంటివల్లే.

మన ఎండలు దీనికి తోడు. వైట్‌బోర్డు, పర్మనెంట్ మార్కర్లలో మామూలుగా ఉండేది ఆల్కహాల్ జాతి ద్రవం. 20 డిగ్రీల దగ్గర ఇథనాల్ ఆవిరి పీడనం ఎంతో, 40 డిగ్రీల దగ్గర దానికి సుమారు మూడు రెట్లు. నెల్లూరులోనో ఒంగోలులోనో రోహిణి కార్తెలో, పైన ఫ్యాను తిరుగుతుండగా మూత తీసి టేబుల్ మీద పెట్టిన మార్కర్ ఎంతసేపు తట్టుకుంటుందో ఇక చెప్పక్కర్లేదు. మార్కాపురం పలకకు, బలపానికి మాత్రం ఈ బాధ లేదు.

లోపల ఏముంటుంది

పైన కనిపించే ప్లాస్టిక్ గొట్టం లోపల సిరా పీల్చుకున్న పీచు కడ్డీ ఒకటి ఉంటుంది. చూడటానికి సిగరెట్ ఫిల్టరును పొడవుగా సాగదీసినట్టు ఉంటుంది. దీన్ని వాడుకలో దూది అంటారు, ఇక్కడా అలాగే అందాం. మొన (దుకాణాల్లో నిబ్బు) తోక ఈ దూదిలోకి ఒకటి రెండు సెంటీమీటర్లు దిగి ఉంటుంది. దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టే దూదిలోంచి మొనలోకి సిరా ఎక్కుతుంది. మొన చుట్టూ, అది దిగే రంధ్రం అంచున, సన్నటి గాళ్ళు కనిపిస్తాయి. సిరా బయటికి వచ్చినంత మేర గాలి లోపలికి వెళ్ళే దారి అది. గాడి ఎండిన సిరాతో పూడిపోతే లోపల ఎంత సిరా ఉన్నా సరిగా రాదు. చాలామంది చూడకుండా వదిలేసే చోటు ఇదే.

కొన్ని రకాల్లో దూది ఉండదు. పారదర్శకమైన గొట్టంలో సిరా ద్రవంగానే కదులుతూ కనిపిస్తుంది. వాటిలో సిరా కనిపిస్తూ కూడా రాయట్లేదంటే లోపం మొనలోనే. కింది పనిలో మొన శుభ్రం చేసే మెట్టు చాలు, లోపలికి ఏమీ ఎక్కించక్కర్లేదు.

ముందు రకం తేల్చుకోండి

మార్కర్ మీద రాసి ఉంటే గొడవే లేదు. అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఈ చిన్న పరీక్ష చేయండి. స్టీలు ప్లేటు మీద ఆ మార్కర్‌తో ఎలాగోలా ఒక గీత గీసి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి. గీత రాకపోతే మూత లోపల అంటుకుని ఉన్న సిరానైనా ప్లేటుకు పూయండి.

పొడివేలితో రుద్దితేనే పొడిలా లేచిపోతే అది వైట్‌బోర్డు మార్కర్. వేలికి లేవకుండా, తడిగుడ్డకు లేస్తే నీటి మార్కర్: స్కెచ్ పెన్నులు, హైలైటర్లు, కొన్ని పోస్టర్ మార్కర్లు ఈ జాతి. నీటికి చలించకుండా స్పిరిట్‌లో తడిపిన గుడ్డకు కరిగితే పర్మనెంట్ మార్కర్. స్పిరిట్‌కు కూడా సరిగా కదలకుండా థిన్నర్‌కు మాత్రమే కదిలితే పెయింట్ మార్కర్. గొట్టం ఊపితే లోపల గోళీ గలగలమంటే అది చాలావరకు పెయింట్ మార్కరే.

ఘాటైన పెయింటు వాసన కొట్టే పర్మనెంట్ మార్కర్లు కొన్ని ఉంటాయి. వాటి సిరా జైలీన్ లాంటి ద్రావకంతో చేసింది. స్పిరిట్ వాటికి అరకొరగానే పనిచేస్తుంది. వాటినీ పెయింట్ మార్కర్ల జాబితాలోనే వేసుకోండి.

నిజంగా ఎండిందా?

స్పిరిట్ సీసా తీసేముందు రెండు నిమిషాలు ఇది చూడండి. సగం మార్కర్లు ఇక్కడే తేలిపోతాయి.

టిష్యూ కాగితాన్ని నాలుగు మడతలు వేసి మొనను దానిమీద నిలువుగా నొక్కి అరనిమిషం కదలకుండా పట్టుకోండి. తడి మచ్చ పాకుతూ వస్తే సిరా ఉంది. బోర్డు మీద రాయకపోవడానికి కారణం మొన పైపొర మీద పట్టిన మురికి. పాలిపోయిన రంగుతో చిన్న చుక్క మాత్రమే పడితే మొన దగ్గర ఎండింది, లోపల ఉండొచ్చు. అసలు ఏమీ అంటకపోతే రెండు సంగతులు: పూర్తిగా ఎండిందన్నా కావాలి, అయిపోయిందన్నా కావాలి.

ఈ రెంటినీ విడదీయడానికి వంటింటి డిజిటల్ తక్కెడ చాలు. అదే కంపెనీ, అదే రకం కొత్త మార్కర్ పక్కన పెట్టి తూచండి. ఇక్కడొక మెలిక ఉంది. ద్రవం ఎగిరిపోయినా బరువు తగ్గుతుంది, రాసి అయిపోయినా తగ్గుతుంది. కాబట్టి బరువుతోబాటు దాని చరిత్ర కూడా చూడాలి. పెద్దగా వాడకుండా మూలన పడి ఉండి, తేలికైందంటే ఎగిరింది ద్రవం. రంగు లోపలే ఉంది, బతుకుతుంది. నెలరోజులు రోజూ నాలుగు పీరియడ్లు బోర్డు నింపిన మార్కర్ తేలికైతే అది అయిపోయింది. దానికి స్పిరిట్ పోస్తే కాసేపు రంగునీళ్ళు రాస్తాయి, అంతే. దానికి కావాల్సింది రీఫిల్ ఇంకు.

ఇంకొకటి: మొన పైకి ఉండేలా పెన్నుల స్టాండులో నెలల తరబడి నిలబెట్టిన మార్కర్. సిరా మొత్తం అడుగుకు దిగి మొన ఎండినట్టు కనిపిస్తుంది. దీనికి ఏ మందూ అక్కర్లేదు. మూత గట్టిగా బిగించి మొన కిందికి ఉండేలా గ్లాసులో ఒక రాత్రి నిలబెట్టండి. తొందరగా కావాలంటే మూత బిగించి, మొన బయటివైపుకు ఉండేలా పిడికిట్లో పట్టుకుని, పాత పాదరసం థర్మామీటరును విదిలించినట్టు పది పదిహేనుసార్లు విదిలించండి. మూత ఉండగానే. తరవాత మూత తీసేటప్పుడు కింద పాత పేపరు పరచండి, మూతలో సిరా చేరి ఉంటుంది.

ఏ స్పిరిట్?

వైట్‌బోర్డుకైనా పర్మనెంటుకైనా అన్నిటికంటే నమ్మకమైనది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది. సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్ళు బోర్డులు కడగడానికి వాడేది ఇదే, వాళ్ళ భాషలో ఐపీఏ. ఫోన్ల విడిభాగాలు అమ్మే దుకాణాల్లో అడగండి. 100 మి.లీ. కొంటే ఒక చిన్న స్కూలుకు చాలాకాలం వస్తుంది.

మెడికల్ షాపులో దొరికే 70 శాతంది కూడా పనికొస్తుంది, కానీ మొన పైపైన కడగడానికే. అందులో మిగతా 30 శాతం దాదాపు నీళ్ళే. ఆ నీళ్ళు దూదిలోకి వెళితే సిరాలోని జిగురు నీటిలో కరగక పలుకులు కట్టుకుంటుంది. మార్కర్‌ను నీళ్ళలో ముంచకూడదని మొదట చెప్పింది కూడా ఇందుకే.

సర్జికల్ స్పిరిట్ విషయంలో జాగ్రత్త. కొన్ని రకాల్లో చర్మం పగలకుండా ఆముదం లాంటి నూనె కలుపుతారు. అది మొనలోకి పోతే మార్కర్ బోర్డు మీద జారుతుందే తప్ప అంటదు. తెలుసుకోవడం తేలిక. శుభ్రమైన అద్దం ముక్క మీద రెండు చుక్కలు వేసి ఆరనివ్వండి. ఆరాక వేలితో రాస్తే గాజు కిర్రుమంటే మంచి స్పిరిట్. వేలు జారినా, వెలుగుకు పెట్టి చూస్తే మరక వలయం కనిపించినా దాన్ని గాయాలకే ఉంచండి. ఏ కొత్త సీసాకైనా ముందు ఈ పరీక్ష చేయడం మంచిది.

శానిటైజరు జెల్ వద్దే వద్దు. దాన్ని చిక్కబరిచే పదార్థం మొన పీచులో బంకలా నిలిచిపోతుంది. నీళ్ళలా ఉండే శానిటైజరులో కూడా తరచూ గ్లిజరిన్ కలుస్తుంది. మరీ గతిలేకపోతే మొన తుడవడానికి వాడండి. గోళ్ళరంగు తీసే ఎసిటోన్ కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది. అందులోనూ చేపలు, రొయ్యలు పెట్టెల్లో సర్దే ఆక్వా పనుల దగ్గర ఇది గుర్తుంచుకోవాలి: థర్మాకోల్ పెట్టెను ఎసిటోన్ కరిగించేస్తుంది.

చెక్క పాలిష్ పనివాళ్ళు లక్క కరిగించడానికి పెయింట్ల షాపులో కొనే స్పిరిట్ కూడా రాయిస్తుంది. అందులో మిథనాల్ కలిసి ఉండవచ్చు. అది విషం, తాగినా ప్రమాదం, ఆవిరి పీల్చినా చర్మానికి తగిలినా మంచిది కాదు. పిల్లలు తిరిగే చోట ఐపీఏనే వాడండి. పేరు రాయని సీసాలో పోసి ఏదీ దాచకండి.

ఐపీఏ 12 డిగ్రీల దగ్గరే మంట అంటుకునేంత ఆవిరిని విడుస్తుంది. మనకు ఆ ఉష్ణోగ్రత పుష్యమాసంలో తెల్లవారుజామున కూడా అరుదు. అంటే ఏ కాలంలోనైనా అది అంటుకోడానికి సిద్ధంగానే ఉన్నట్టు. స్టవ్వు, దీపారాధన, అగరొత్తి, దోమలబత్తి - ఇవేవీ లేని గదిలో, కిటికీలు తెరిచి పని చేయండి.

అసలు పని

కావాల్సినవి: ఐపీఏ, 2 మి.లీ. సిరంజి సూదితో సహా, కటింగ్ ప్లేయరు, పాత నూలుగుడ్డ, టిష్యూ కాగితాలు, గుండుసూది, సీసా మూత లాంటి లోతు తక్కువ గిన్నె, రబ్బరు తొడుగులు. చుక్కల లెక్క పెట్టుకోకండి. స్పిరిట్ చుక్క నీటిచుక్కకంటే బాగా చిన్నది, నీళ్ళకు చెప్పే చుక్కల లెక్క దీనికి పనికిరాదు. సిరంజి గీతలే కొలత.

1. మొన కడగడం. టిష్యూను ఐపీఏతో తడిపి, దానిమీద మొనను పక్కలకు తిప్పుతూ అద్దండి. రుద్దకండి, పీచు లేస్తుంది. నల్లటి గడ్డ విడివడి రంగు పారడం మొదలయ్యేదాకా, చోటు మారుస్తూ నాలుగైదుసార్లు చేయండి. గుండుసూదితో మొన చుట్టూ ఉన్న గాలి గాళ్ళను గీకండి. పొడిగా రాలేది ఎండిన జిగురు. ఇక్కడితోనే రాస్తే ఆపేయండి, మిగతా మెట్లు అక్కర్లేదు.

2. మొన నానబెట్టడం. సీసా మూతలో అర సెంటీమీటరు లోతు ఐపీఏ పోసి మొన చివర మాత్రమే 15 సెకన్లు ఉంచండి. రంగు తీగలా కిందికి దిగుతుంది. ఎక్కువసేపు ఉంచితే లోపలున్న రంగంతా గిన్నెలోకి దిగిపోతుంది, నష్టం మీకే. తీసి, మూతబిగించి, అడ్డంగా పడుకోబెట్టి కనీసం రెండు గంటలు వదిలేయండి. స్పిరిట్ లోపలికి పాకి గడ్డను కరిగించడానికి ఆ సమయం కావాలి. చాలామంది ఐదు నిమిషాలకే తీసి చూసి, రాయలేదని మళ్ళీ ముంచుతారు. రెండోసారి ముంచేకంటే ఇంకో గంట ఆగడం మేలు.

3. మొన తీయడం. పై రెంటికీ లొంగకపోతేనే ఇది. మొనకు గుడ్డ చుట్టి, మొదలుకు వీలైనంత దగ్గరగా ప్లేయరుతో పట్టుకుని, కొద్దిగా తిప్పుతూ తిన్నగా లాగండి. వంచితే లోపల విరుగుతుంది. వచ్చిన మొనను చూడండి: రెండు చివరలూ ఒకేలా చెక్కి ఉంటే మీ అదృష్టం, తిరగేసి పెట్టుకుంటే కొత్త మొన వచ్చినట్టే. ఒక చివర సూదిగా ఉంటే అది దూదిలోకి దిగే తోక, తిప్పకూడదు. మొనను ఐపీఏలో ఐదు నిమిషాలు నానబెట్టి, టిష్యూలో వేళ్ళతో పిండి, మళ్ళీ నానబెట్టండి. గట్టిగా పుల్లలా ఉన్నది మెత్తబడి వేలికి వంగాలి.

4. ద్రవం ఎక్కించడం. సిరంజిలోకి 0.5 మి.లీ. ఐపీఏ తీసుకోండి. మొన తీసిన రంధ్రంలోంచి సూదిని దూదిలోకి సెంటీమీటరు దించి, నెమ్మదిగా, రెండు మూడు చోట్లకు మారుస్తూ విడవండి. ఒకేచోట తోస్తే అక్కడే కడిగేసి రంగును వెనక్కి తోసేస్తుంది. వెనక బిరడా తేలిగ్గా ఊడే రకమైతే సగం అటునుంచి ఇవ్వడం ఇంకా మంచిది, రంగు ముందుకు కదులుతుంది. ఊడకపోతే బలవంతపెట్టకండి, కోయకండి. సన్న మొన మార్కర్లకు 0.2 మి.లీ. చాలు.

5. మొన పెట్టి, ఆగడం. మొనను పాత లోతుకే నొక్కి పెట్టండి. మూతవేసి గంటసేపు అడ్డంగా, ఆ తరవాత ఇరవై నిమిషాలు మొన కిందికి. పనికిరాని కాగితం మీద జానెడు గీతలు ఓ ఇరవై గీయండి. మొదటి గీతలు పాలిపోయి వస్తాయి, పోనుపోను రంగు చిక్కబడాలి. ఇంకా గీరుతుంటే మరో 0.25 మి.లీ. ఇవ్వండి. మొత్తం మీద ఒక మార్కర్‌కు 1 మి.లీ. దాటనివ్వకండి.

సూదికి తొడుగు తిరిగి బిగించి, సిరంజిని ఇంట్లో మందులకు వాడేవాటితో కలవకుండా విడిగా పెట్టండి. పని అయిపోయాక సూదిని చెత్తబుట్టలో ఊరికే పడేయకుండా మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూతపెట్టి పారేయండి. చెత్త ఎత్తేవాళ్ళ చేతులు గుర్తుంచుకోండి.

ఏం చెడింది, ఎందుకు

గీత మొత్తం పాలిపోయి ఊదారంగుగానో గులాబీగానో వస్తే స్పిరిట్ ఎక్కువైంది. నల్ల పర్మనెంట్ సిరా చాలావరకు రెండు మూడు రంగులు కలిపి చేసింది, పలచబడితే అవి విడివిడిగా బయటపడతాయి. మూత తీసి పది పదిహేను నిమిషాలు ఫ్యాను కింద పెడితే కొంత సర్దుకుంటుంది. ఈ ఒక్కసారి మాత్రం ఫ్యాను మనవైపే.

చుక్కలు కారితే దూది నిండి పొర్లుతోంది. పట్టుకున్న చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరాను గాడిలోంచి తోస్తుంది. మొనను టిష్యూ మీద నిలబెట్టి మిగులు పీల్చేయండి.

ముక్కలు ముక్కలుగా, మధ్యమధ్య తెగుతూ రాస్తే మొన తోక దూదిని సరిగా తాకడం లేదు. ఇంకొక మిల్లీమీటరు లోపలికి నొక్కండి. రాసిన పావుగంటకే మళ్ళీ ఎండితే లోపం మొనలో లేదు, మూతలో ఉంది. దాని సంగతి చివర చెప్పుకుందాం.

ఉలి ఆకారపు మొన ఒకవైపే అరిగి చదునైపోతే కొత్త బ్లేడుతో పాత వాలులోనే ఒక మిల్లీమీటరు కోయండి. పొదలకూరు నిమ్మకాయల బస్తాల మీద, బియ్యం సంచుల మీద గుర్తులు వేసే మార్కర్లకు ఇది తరచూ వచ్చే కష్టం. గోనె నార మొనను చీపురులా విప్పేస్తుంది. పైగా ఆ నార పొడిని మొన లోపలికి పీల్చుకుంటుంది. ఇలాంటి పనికి సన్న మొన కొనకండి. మార్కర్‌ను నార మీదుగా లాగకుండా అద్దినట్టు రాయండి.

ఐసుపెట్టెల మీద రాసేవాళ్ళకు ఇంకోరకం ఇబ్బంది. థర్మాకోల్ పెట్టె మీద చెమ్మ పట్టి ఉంటుంది. ఆ తడి మొనకు తగలగానే అక్కడే జిగురు పేరుకుంటుంది, ఐదారు పెట్టెలకు మార్కర్ మూగబోతుంది. గుడ్డతో తుడిచి రాయడం ఒక్కటే దారి. తడిగుడ్డతో తుడిచిన వెంటనే బోర్డు మీద రాసే మాస్టార్లకూ ఇదే మాట. బోర్డు ఆరాక రాయండి.

వైట్‌బోర్డు మార్కర్‌కు ప్రత్యేకం

ఈ సిరాలో మామూలు రంగు, జిగురుతోబాటు బోర్డుకు అంటుకోకుండా చూసే జారుడు పదార్థం ఒకటి కలిపి ఉంటుంది. డస్టరుతో తుడవగానే పొడిగా రాలేది దానివల్లే. స్పిరిట్ మితంగా ఇస్తే అది అలాగే ఉంటుంది. మితిమీరి పోసినా, రెండుమూడుసార్లు ఇదే పని చేసినా ఆ పాళ్ళు చెదిరి, తుడిచిన తరవాత కూడా అక్షరాల నీడ నిలిచిపోతుంది. కాబట్టి వైట్‌బోర్డు మార్కర్‌ను స్పిరిట్‌తో ఒకసారి, మహా అయితే రెండుసార్లు లేపండి. అంతకుమించి వద్దు.

అందులో రంగు పొడిరూపంలో తేలుతూ ఉంటుంది, నిలవపెడితే కిందికి దిగుతుంది. అందుకే వైట్‌బోర్డు మార్కర్లను అడ్డంగానే ఉంచాలి. చాలాకాలం కదలకుండా ఉన్నదాన్ని వాడేముందు రెండు అరచేతుల మధ్య చపాతీ కర్రలా ఒక నిమిషం దొర్లించండి.

పర్మనెంట్ ఇంకును వైట్‌బోర్డు మార్కర్‌లో పోయడం హాస్టళ్ళలో, ట్యూషన్లలో జరిగే పొరపాటు. బోర్డు మీద రాసేశాక గానీ తెలియదు. ఆ గీతల మీద మంచి వైట్‌బోర్డు మార్కర్‌తో గీత కనపడకుండా దిద్ది, తడి ఆరకముందే తుడిస్తే కొత్త సిరాలోని స్పిరిట్ పాతదాన్ని కరిగించి తెస్తుంది.

రీఫిల్ ఎప్పుడు

పాతిక ముప్ఫై రూపాయల మార్కర్ కోసం ఇంత తతంగం అవసరమా అంటే, ఒకటి రెండింటికి అవసరం లేదు. మొదటి రెండు మెట్లతో రాయకపోతే పారేయండి. కానీ నెలకు పదుల సంఖ్యలో మార్కర్లు వాడే కోచింగ్ సెంటరుకు, కాలేజీకి రీఫిల్ ఇంకు కొనడమే తెలివైన పని. క్యామ్లిన్ లాంటి కంపెనీలు వైట్‌బోర్డుకు వేరుగా, పర్మనెంటుకు వేరుగా 15 మి.లీ. సీసాలు అమ్ముతాయి. సీసా మీద ఏ రకానిదో చదివి కొనండి.

పూర్తిగా అయిపోయిన మార్కర్‌కు ముందు మొన కడిగి, ఆ తరవాత మొన తీసిన రంధ్రంలోంచి ఒక్కో మి.లీ. చొప్పున ఇంకు వదులుతూ, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగండి. మామూలు సైజు దూది రెండు మూడు మి.లీ. పీల్చుకుంటుంది. రంధ్రం దగ్గర సిరా మెరుస్తూ నిలబడిందంటే నిండిపోయింది, ఆపేయండి. గొట్టాన్ని నింపేయాలనే ఆశే కారడానికి మూలం. రంగు మార్చకండి. నీలంలో నలుపు పోస్తే నలుపుకు దగ్గరగా వస్తుంది గానీ, ఎరుపులో నీలం పోస్తే ఏ విద్యార్థీ ఏ రంగని చెప్పలేని బురద వస్తుంది.

స్కెచ్ పెన్నులు, హైలైటర్లు

వీటికి నీళ్ళే మందు, కానీ బోరు నీళ్ళు కాదు. మన తీరప్రాంతపు ఉప్పునీళ్ళు, మెట్ట మండలాల చవుడు నీళ్ళు మొనలో తెల్లటి ఉప్పు మిగులుస్తాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు అన్నిటికంటే మంచిది, అది లేకపోతే ఆర్వో నీళ్ళు. బ్యాటరీ నీళ్ళు అడిగేటప్పుడు యాసిడ్ కాదని రెండుసార్లు చెప్పండి, సీసా మీద చదవండి. పిల్లల వస్తువు కదా.

వెనక బిరడా తీసి 0.3 మి.లీ. నీళ్ళు దూది మీద వేసి, మూతవేసి, మొన కిందికి ఒక గంట నిలబెట్టండి. మొన గడ్డకట్టి ఉంటే చెయ్యి పెట్టగలిగే వేడి నీళ్ళలో అరనిమిషం ముంచి టిష్యూతో అద్దండి. ఆ 0.3 మి.లీ. నీటిలో గ్లిజరిన్ ఒక్క చిన్న చుక్క కలిపితే త్వరగా ఎండదు, కానీ రాత కొంచెంసేపు తడిగా ఉంటుంది. హైలైటర్లకు గ్లిజరిన్ వద్దు, కింది అక్షరాలను పామేస్తుంది. స్కెచ్ పెన్నులో స్పిరిట్ పోస్తే రంగు కాగితం వెనక్కి దిగిపోతుంది.

పెయింట్ మార్కర్లు

చీమకుర్తి వైపు గ్రానైట్ పలకల మీద, ఇనుప గొట్టాల మీద, టైర్ల మీద కొలతలు, నంబర్లు వేసేవి ఇవి. లోపల దూది ఉండదు, పెయింటు, దాన్ని కలిపే గోళీ, మొన నొక్కితే తెరుచుకునే కవాటం ఉంటాయి. మూత ఉండగా నిమిషంసేపు ఊపండి, గోళీ శబ్దం వినిపించాలి. వినిపించకపోతే పెయింటు అడుగున ముద్దకట్టి గోళీని పట్టేసింది. అడుగును అరచేతికి కొడుతూ ఊపితే చాలావరకు విడుతుంది. తరవాత పేపరు మీద మొనను నిలువుగా నొక్కి వదలండి, పది పదిహేనుసార్లు. మొనను పైకి పెట్టి నొక్కితే లోపలి ఒత్తిడికి పెయింటు మొహానికి చిమ్ముతుంది.

మొన గడ్డకట్టి ఉంటే ప్లేయరుతో లాగి, థిన్నర్‌లో పది నిమిషాలు నానబెట్టి తుడిచి పెట్టండి. గొట్టం లోపలికి థిన్నర్ పోయకండి, పెయింటు చిక్కదనం చెడి కవాటం కారుతుంది. ఈ పని ఆరుబయటే చేయాలి, థిన్నర్ ఆవిరి తలనొప్పి తెప్పిస్తుంది. రాతిపొడి పట్టిన పలక మీద నేరుగా రాస్తే పది నిమిషాల్లో మొన సున్నం కొట్టిన కుంచెలా అవుతుంది. రాసే చోటు అరచేయంత మేర గుడ్డతో తుడవండి.

మూత

మూతను వెలుగుకు పెట్టి లోపలికి చూడండి. బయటి మూతలోపల ఇంకొక చిన్న గిన్నె లాంటిది కనిపిస్తుంది. మొనను గాలి తగలకుండా మూసేది అదే, దాని అంచు మార్కర్ మెడకు గట్టిగా పట్టాలి. కొన్ని మూతలకు పైన కన్నం ఉంటుంది, పొరపాటున పిల్లలు మింగితే ఊపిరి ఆడటానికి పెట్టింది. దాన్ని టేపుతో మూయడం వల్ల మార్కర్‌కు ఒరిగేదేమీ లేదు. లోపలి గిన్నె చిట్లితే మాత్రం ఎన్నిసార్లు స్పిరిట్ పోసినా వారం తిరక్కుండా ఎండుతుంది.

మూత పెట్టేటప్పుడు "టక్" అని వినిపించేదాకా నొక్కాలి. ఎండిన సిరా అంచుకు పేరుకుంటే ఆ శబ్దం రాదు, స్పిరిట్ తడిపిన ఇయర్‌బడ్‌తో లోపల తిప్పి తుడవండి. కారు డాష్‌బోర్డు మీద, స్కూటరు డిక్కీలో, కిటికీ పక్కన పెట్టకండి. పారేసే మార్కర్ మూత బాగుంటే దాన్ని తీసి డబ్బాలో వేసి ఉంచండి. అదే కంపెనీ, అదే రకం మార్కర్‌కు మూత పోయినప్పుడు అతికినట్టు సరిపోతుంది.